ఒకే ఇంట్లో ఏడు తరాలు: మార్క్వెజ్ 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్' చదివినవాళ్లు ఏమంటారు?

పొన్నచెట్టు (తెనాలి):

రెమెడియోస్ అనే అందగత్తె పెరట్లో దుప్పట్లు మడతపెడుతుంటే గాలి లేస్తుంది. ఆ దుప్పట్లతో పాటే తనూ పైకి లేచి, చెయ్యి ఊపుతూ ఆకాశంలో కలిసిపోతుంది. ఇంట్లో కోడలు ఫెర్నాండాకి ఆ అమ్మాయి పోయిందన్న బాధ కంటే దుప్పట్లు పోయాయన్న బాధ ఎక్కువ. వాటినైనా వెనక్కి పంపమని చాలాకాలం దేవుణ్ణి వేడుకుంటుంది. నాకు ఈ నవల మీద ప్రేమ పుట్టింది అక్కడే. ఎంత పెద్ద వింత జరిగినా ఆ ఇంట్లో మర్నాటి వంట, ఉతకాల్సిన బట్టలు, లెక్క తేలని దుప్పట్లు అలాగే ఉంటాయి.

చదవనివాళ్ల కోసం రెండు మాటలు. కొలంబియా రచయిత గాబ్రియెల్ గార్సియా మార్క్వెజ్ రాసిన ఈ నవల 1967లో బ్యూనస్ ఎయిర్స్‌లో స్పానిష్‌లో అచ్చయింది. 1970లో గ్రెగరీ రబాసా ఇంగ్లీషు అనువాదం వచ్చింది, నేను చదివింది అదే. మాకొందో అనే ఊరు పుట్టినప్పటి నుంచి గిట్టేదాకా, ఆ ఊరిని కట్టిన బుయెందియా కుటుంబం కథ. యుద్ధాలు, పెళ్లిళ్లు, నిద్రలేమి అంటువ్యాధి, మట్టి తినే అమ్మాయి, ఎక్కడికెళ్లినా పసుపుపచ్చ సీతాకోకచిలుకలు వెంటపడే కుర్రాడు, అన్నీ ఉన్నాయి.

కానీ నేను చర్చ మొదలుపెట్టింది ఆ వింతల కోసం కాదు. దుప్పట్లతో ఎగిరిపోయిన అమ్మాయిని ఊళ్లో ఎక్కువమంది నమ్మారు, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థనలు చేశారు. కొన్నేళ్లకి అదే ఊళ్లో, రైల్వే స్టేషన్ ముందు, సమ్మె చేస్తున్న అరటి తోటల కూలీల మీద సైన్యం కాల్పులు జరిపింది. మూడు వేల మంది పోయారని, అక్కణ్ణుంచి బతికి బయటపడ్డ హోసే ఆర్కాడియో సెగుందో చెబితే మాత్రం ఒక్కరూ నమ్మలేదు. 'ఇక్కడ ఎవరూ చనిపోలేదు' అన్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. నవల గుండెకాయ అక్కడే ఉందని నా అభిప్రాయం. మీకేం అనిపించిందో రాయండి.

కొత్తచదువరి:

అండీ, నేను సగం దాకా వచ్చి ఆగిపోయాను. బాగోలేక కాదు. అందరి పేర్లూ ఒకటే! తాత హోసే ఆర్కాడియో, కొడుకు హోసే ఆర్కాడియో, మనవడు ఆర్కాడియో, మునిమనవడు మళ్లీ హోసే ఆర్కాడియో. ఔరెలియానోలైతే లెక్కే లేదు. ఆ ఇంటి రెండో తరం కల్నల్ ఔరెలియానో గారికి పదిహేడు మంది స్త్రీలతో పదిహేడు మంది కొడుకులు, అందరికీ అదే పేరు. ముందు పేజీలో వంశవృక్షం ఇచ్చారు కానీ ప్రతి రెండు పేజీలకీ వెనక్కి తిప్పి చూస్తుంటే కథ చెడిపోతోంది. ఎవరైనా దారి చెప్పండి.

లలిత టీచర్ (రాజమండ్రి):

బాబూ, ఆ వంశవృక్షం పక్కన పెట్టెయ్. మన ఇళ్లలో పెద్ద మనవడికి తాత పేరు పెట్టడం లేదూ? మా అత్తవారింట్లో మావగారి పేరే మా పెద్దబ్బాయికి పెట్టాం. మావగారి పేరు కోడలు నోటితో పలకకూడదని ఆ రోజుల్లో పట్టింపు. అందుకని పిల్లాణ్ణి 'చిన్నబాబు' అనే పిలిచేదాన్ని. వాడు బడికి వెళ్లి, హాజరు పిలిచినప్పుడు అది తన పేరేనని తెలియక ఊరుకున్నాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాళ్లకి ఈ నవలలో పేర్లు కొత్తగా ఉండవు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో మాట తీరుని బట్టే తెలిసిపోతుంది.

ఆ ఇంటి మొదటి తరం ఇల్లాలు ఉర్సులాయే నీకు దారి చెబుతుంది, నువ్వు ఇంకా అక్కడికి రాలేదేమో. ఇంతమందిని పెంచాక ఆవిడ ఒక నిర్ణయానికి వస్తుంది: ఔరెలియానోలు ముభావంగా ఉంటారు, తెలివైనవాళ్లు. హోసే ఆర్కాడియోలు దూకుడు మనుషులు, సాహసం చేస్తారు, వాళ్ల నొసటన విషాదం రాసి ఉంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకో చాలు. ఈ లెక్కకి అందనిది నాలుగో తరంలోని కవలలు, హోసే ఆర్కాడియో సెగుందో, ఔరెలియానో సెగుందో మాత్రమే. దానికీ కారణముంది. చిన్నప్పుడు ఇద్దరూ చొక్కాలు మార్చుకుని, చేతి కడియాలు మార్చుకుని, ఒకరి పేరుతో ఒకరు పిలిపించుకుని ఆడుకున్నారు. ఆ ఆటలో ఎక్కడో తారుమారైపోయి అలాగే పెద్దవాళ్లయ్యారేమోనని ఉర్సులాకి అనుమానం. చివరికి ఇద్దరూ ఒకే రోజు పోతే, తాగి ఉన్న స్నేహితులు శవపేటికలు ఒకరిది ఒకరి గోతిలో దించేశారు. మొత్తం మీద ఎవరి చోటికి వాళ్లు చేరినట్టే.

సీమపొద్దు (అనంతపురం):

నేను వేరే మాట చెప్పాల. అందరూ ఇంతగా మెచ్చుకుంటుంటే ఒకడైనా చెప్పాల కదా. నేను పూర్తిగా చదివినా, రెండు విషయాలు మింగుడుపడలేదు.

ఒకటి, యుద్ధం. కల్నల్ ఔరెలియానో ముప్పై రెండు తిరుగుబాట్లు లేపి ముప్పై రెండూ ఓడిపోయినాడని రచయిత ఒక్క వాక్యంలో ముందే చెప్పేస్తాడు. ఆ తర్వాత ఆ యుద్ధం గురించి చదివే ఓపిక ఎక్కడ మిగుల్తుంది? ఎవరు ఎవరితో ఎందుకు కొట్లాడుతున్నారో కూడా ఒక దశలో గుర్తుండదు.

రెండోది ఇంకా పెద్దది. రెమెడియోస్ మొస్కోతే. ఎగిరిపోయిన రెమెడియోస్ కాదు, ఈమె వేరే. కల్నల్ ప్రేమలో పడేటప్పటికి ఆ పాపకి తొమ్మిదేళ్లు. ఇంకా పక్క తడుపుతా ఉండే బిడ్డ. పెద్దమనిషి అయ్యేదాకా ఆగి పెండ్లి చేసినారు, కడుపులో కవలలతో చచ్చిపోయింది. దీన్ని కూడా దుప్పట్ల మాదిరే మామూలుగా చెప్పుకుంటూ పోతాడు. అన్నీ ఒకే గొంతుతో చెబితే, తప్పు ఏదో వింత ఏదో తేడా ఎట్లా తెలుస్తుంది? పొన్నచెట్టు గారూ, మీరు గొప్ప అంటున్న గొంతే నాకు ఇక్కడ ఇబ్బంది.

అరుణోదయం (డాలస్):

సీమపొద్దు గారూ, చిన్న రెమెడియోస్ గురించి మీరు అడిగింది సరైన ప్రశ్న. మా బుక్ క్లబ్‌లో కూడా దీని మీద గట్టిగానే వాదించుకున్నాం. అక్కడి అమెరికన్ సభ్యులకి అది నమ్మశక్యం కాలేదు. నాకు నమ్మడానికి కష్టం కాలేదు. మా నాయనమ్మ వాళ్ల తరం అలా పెళ్లయి వచ్చినవాళ్లే. బాల్య వివాహాలను అడ్డుకునే శారదా చట్టం వచ్చింది 1929లో, ఆ తర్వాత కూడా చాలా ఇళ్లలో ఆగలేదు.

కానీ రచయిత దాన్ని దాటిపోయాడని నేను అనుకోను. ఆ పిల్ల చనిపోయాక ఉర్సులా ఏం చేసిందో చూడండి. శవాన్ని ఉంచిన చోటే ఆ పిల్ల ఫొటో పెట్టి, నల్ల రిబ్బను అడ్డంగా కట్టి, ఎప్పటికీ ఆరకుండా నూనె దీపం పెట్టించింది. తరాలు మారాయి, దీపం ఆరలేదు. కుచ్చుల గౌను, తెల్ల బూట్లు, తలకి రిబ్బను కట్టుకున్న ఆ చిన్నపిల్ల తమ ముత్తవ్వ వరస అవుతుందంటే తర్వాతి తరం పిల్లలకి ఎలా పోల్చుకోవాలో తెలియలేదు. ముత్తవ్వ అంటే వాళ్ల మనసులో ఉండే బొమ్మ వేరు కదా. మా ఇంట్లోనూ అలాంటి ఒక ఫొటో ఉంది, పదమూడేళ్లకి పురిటిలో పోయిన ఒకావిడది. దండ వేసి, సంక్రాంతికి బట్టలు పెట్టేవాళ్లు. ఆ ఫొటో గురించి మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు, కానీ దీపం మాత్రం మానేవాళ్లు కాదు. మార్క్వెజ్ కూడా గొంతు పెంచడు. ఆ దీపాన్ని నవల పొడుగునా వెలుగుతూ ఉంచుతాడు. నా లెక్కలో అది తీర్పు చెప్పడమే.

ఓరుగల్లు బాట (వరంగల్):

నాకు అందరికన్నా ఎక్కువ ఆసక్తి కలిగించింది పంది తోక. ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నా.

మొదటి తరం దంపతులు హోసే ఆర్కాడియో బుయెందియా, ఉర్సులా వరసకి దగ్గరి చుట్టాలు. వాళ్లకి ముందు తరంలో ఉర్సులా వైపు ఆడమనిషిని, అతని వైపు మగమనిషికి ఇచ్చి చేస్తే తోకతో పిల్లవాడు పుట్టాడు. నలభై రెండేళ్లు వదులు లాగులు తొడుక్కుని దాచుకుని తిరిగాడు. చివరికి మాంసం కొట్టే స్నేహితుడు కత్తితో నరికి సాయం చేయబోతే రక్తం పోయి చచ్చిపోయాడు. ఆ భయంతో ఉర్సులా పెళ్లయ్యాక కూడా భర్తని దగ్గరికి రానివ్వదు. తల్లి కుట్టించిన మందపాటి గుడ్డ లాగు, దానికి తోలు పట్టీలు, ముందు ఇనుప బకిల్. ఊళ్లో గుసగుసలు, కోడి పందెంలో ఓడిన ప్రుదెన్సియో ఎగతాళి, హోసే ఆర్కాడియో బుయెందియా అతన్ని ఈటెతో పొడిచి చంపడం, అతని దయ్యం, ఊరు వదిలిపోవడం, మాకొందో పుట్టడం. మొత్తం కథకి మొదలు ఈ భయమే.

మన దగ్గర మేనరికం తప్పు కాదు, ముచ్చట. మేనమామ కూతురు, మేనత్త కొడుకు అంటే పుట్టగానే వరస కలిపేస్తారు. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట దగ్గరి వరసల్ని ఒప్పుకుంటుంది. అందుకే మొదట్లో ఉర్సులా భయం నాకు అంతగా అర్థం కాలేదు. కానీ తర్వాతి తరాల్లో వరసలు చూసుకుంటూ పోతే మనవాళ్లకైనా గుండె దడదడలాడుతుంది. ఔరెలియానో హోసే మోజుపడేది సొంత మేనత్త అమరాంత మీద. పెంచింది కూడా ఆవిడే. చివరి జంట సంగతి కథ పాడవుతుంది కాబట్టి ఇక్కడ రాయను. చదివినవాళ్లు మన తెలుగు వరసల్లో ఒకసారి లెక్కేసుకోండి, ఆమె అతనికి ఏమవుతుందో. మన భాషలో ప్రతి వరసకీ వేరే పిలుపు ఉండటం వల్ల ఆ తప్పు మనకి ఇంగ్లీషు పాఠకుడి కంటే ముందే తగులుతుంది. వాళ్లకి కజిన్, ఆంటీ అంటే సరిపోయింది.

కృష్ణాతీరం (విజయవాడ):

పొన్నచెట్టు గారు ఎత్తిన కాల్పుల విషయానికి వస్తాను. అది కల్పన కాదు, చరిత్ర.

కొలంబియా కరీబియన్ తీరంలో అమెరికాకి చెందిన యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అరటి తోటలు నడిపేది. 1928 నవంబరు 12న కూలీలు సమ్మెకు దిగారు. డిసెంబరు 5 అర్ధరాత్రి దాటాక సియెనాగా పట్నంలో రైల్వే స్టేషన్ దగ్గర చేరిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. ఆజ్ఞ ఇచ్చిన జనరల్ కార్లోస్ కోర్తెస్ వర్గాస్ పేరు మార్చకుండా నవలలో అలాగే పెట్టాడు. ఆ జనరల్ ఒప్పుకున్న లెక్క 47 మంది. అమెరికా రాయబార కార్యాలయం తమ ప్రభుత్వానికి పంపిన సమాచారంలో వెయ్యి దాటినట్టు ఉంది. అసలు సంఖ్య ఇప్పటికీ తేలలేదు. 1929లో హోర్హే ఎలియెసెర్ గైతాన్ అనే నాయకుడు కొలంబియా పార్లమెంటులో దీని మీద నిలదీశాడు. మార్క్వెజ్ పుట్టింది 1927లో, ఆ అరటి తోటల ప్రాంతంలోనే ఉన్న అరకతాకాలో. కాల్పులు జరిగేటప్పటికి చంటిపిల్లాడు. పెరిగిందంతా ఆ సంగతి పెద్దవాళ్లు చెప్పుకునే ఇంట్లో.

నవలలో నన్ను పట్టి కుదిపేసింది కాల్పుల కంటే ముందు జరిగే కోర్టు వ్యవహారం. కూలీలు కేసు వేస్తారు. మందులు లేవు, మరుగుదొడ్లు లేవు, కూలి డబ్బుల్లో కాకుండా చీటీల్లో ఇస్తున్నారు, ఆ చీటీలతో కంపెనీ దుకాణంలో అమెరికా పంది మాంసం తప్ప ఏమీ కొనలేరు. కంపెనీ లాయర్లు చెప్పింది ఒకటే: మాకు కూలీలే లేరు, అందరూ తాత్కాలికంగా వచ్చిపోయేవాళ్లే. కోర్టు ఒప్పుకుంది. కూలీలు అనేవాళ్లు లేరని తీర్పు ఇచ్చింది. నేను కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ల పీఎఫ్ కేసుల పని చూస్తాను. పదేళ్లు ఒకే యంత్రం దగ్గర నిలబడ్డ మనిషిని పట్టుకుని, 'ఇతను మా రికార్డుల్లో లేడు' అని ఒక కంపెనీ తరఫువాళ్లు చెప్పడం నా చెవులతో విన్నాను. ఆ పేజీ చదివి పుస్తకం పక్కన పెట్టి, చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

ముందు కూలీలే లేరన్నారు. తర్వాత చావులే జరగలేదన్నారు. ఇంకొన్నేళ్లకి అసలు అరటి కంపెనీయే రాలేదని బడి పుస్తకాల్లో రాశారు. ఆ క్రమం గమనించండి. ఆ ఇంట్లో ఆకాశంలోకి ఎగిరిపోయిన అమ్మాయి ఎందుకు ఉందో నాకు అప్పుడు అర్థమైంది. నమ్మడానికి జనానికి ఆధారం అక్కర్లేదు, ఒప్పుకునే ధైర్యం కావాలి.

సీమపొద్దు (అనంతపురం):

కృష్ణాతీరం గారూ, ఆ కోర్టు పేజీ గురించి మీరు రాసింది వంద సమీక్షలకి సమానం. దాని మీద నాకు వాదన లేదు.

ఆ వెంటనే వచ్చే వాన గురించి నేను చెప్తాను, అది మా ఊరివాళ్లు చెప్పాల్సిన సంగతి. కాల్పుల తర్వాత మాకొందోలో నాలుగేళ్ల పదకొండు నెలల రెండు రోజులు ఏకధారగా వాన. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాది ఒకటి. వాన అంటే మాకు మొక్కు. అట్లాంటి వానని శిక్ష మాదిరి చదవడానికి నాకు కొంచెం సమయం పట్టింది. పశువులు బురదలో కూరుకుని చచ్చిపోతాయి, వస్తువులకి బూజు పడతాది. ఇంట్లో తినడానికి గింజ లేని రోజున ఫెర్నాండా మొగుణ్ణి తిట్టడం మొదలుపెడుతుంది. ఆ తిట్టు ఒక్క వాక్యమే, పేజీల కొద్దీ సాగుతాది, ఫుల్‌స్టాప్ లేదు. తన పుట్టింటి గొప్ప, ఈ ఇంట్లో పడ్డ కష్టం, వంటింట్లో మిగిలింది ఎంత, అన్నీ అందులో ఉంటాయి. వాన, తిట్టు రెండూ ఆగవు. చివరికి ఔరెలియానో సెగుందో నింపాదిగా లేచి ఇంట్లోని కుండలు, పింగాణీ సామాను ఒక్కొక్కటే పగలగొట్టి, ఒక్క మాట మాట్లాడకుండా బయటికి పోయి బియ్యం, ఎండు మాంసం, పురుగుపట్టిన మొక్కజొన్నలు మోసుకొస్తాడు. ఆ తర్వాత ఇంట్లో తిండికి లోటు లేదు. సంసారం గురించి ఇంత నిజంగా రాసింది నేను ఎక్కువ చదవలేదు.

వాన ఆగినాక పదేళ్లు కరువు. అది మాత్రం నాకు ఒక్క వివరణ కూడా లేకుండా అర్థమైంది.

పొన్నచెట్టు (తెనాలి):

యుద్ధం భాగం గురించి సీమపొద్దు గారు అన్నదానికి ఒక్క మాట. కొలంబియాలో 1899 నుంచి 1902 దాకా సాగిన వెయ్యి రోజుల యుద్ధంలో మార్క్వెజ్ తాత కల్నల్ నికొలాస్ మార్క్వెజ్ లిబరల్ పక్షాన పోరాడాడు. పిల్లాడు పెరిగింది ఆ తాత, అమ్మమ్మల దగ్గరే. ఆ తాత ఒక గొడవలో మనిషిని చంపి, కుటుంబంతో సహా ఊరు మారాల్సి వచ్చింది. ఓరుగల్లు బాట గారు చెప్పిన ప్రుదెన్సియో కథ మూలం అదే. ఎవరు ఎందుకు కొట్లాడుతున్నారో గుర్తుండకపోవడం కల్నల్ బాధ కూడా. చివరికి తాను పోరాడింది అహంకారం కోసమేనని ఒప్పుకుంటాడు. ఇంటికొచ్చి బంగారు చేపలు చేసుకుంటూ కూర్చుంటాడు. రోజుకి రెండు, ఇరవై అయిదు కాగానే కరిగించి మళ్లీ మొదలు.

ఇక నేను అసలు మాట్లాడాలనుకున్నది ఉర్సులా గురించి. ఆవిడ నూరేళ్లు దాటాక కంటి శుక్లాలతో చూపు పూర్తిగా పోతుంది. ఎవరికీ చెప్పదు. ఇంట్లో ఎవరికీ అనుమానం కూడా రాదు. వాసనలు, గొంతులు, ఎక్కడ ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో అంతా గుర్తుపెట్టుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా ఒకటి కనిపెడుతుంది. ఇంట్లో ప్రతి ఒక్కరూ రోజూ అదే దారిలో నడుస్తారు, అవే పనులు చేస్తారు, ఇంచుమించు అదే వేళకి అవే మాటలంటారు. ఆ అలవాటు తప్పినప్పుడే ఏదో ఒకటి పోగొట్టుకుంటారు.

ఒకరోజు ఫెర్నాండా పెళ్లి ఉంగరం కనపడక ఇల్లంతా గాలిస్తుంది. రోజూ తిరిగే చోట్లలోనే వెతుకుతుంది. ఉర్సులా కూర్చుని ఆలోచిస్తుంది: ఈ రోజు ఫెర్నాండా కొత్తగా చేసిన పని ఏమిటి? ముందు రాత్రి కూతురు మెమె పక్కలో నల్లి కనిపించిందని పరుపులు ఎండలో వేసింది. ఆ పనప్పుడు పిల్లలు చుట్టూ ఉన్నారు. కాబట్టి ఉంగరం తీసి వాళ్ల చేతికి అందని చోట పెట్టి ఉంటుంది. అలాంటి చోటు పిల్లల గదిలో ఒక్క అల్మరా అరే. చూపు లేని మనిషి నేరుగా వెళ్లి ఉంగరం తెచ్చి ఇస్తుంది.

ఈ రెండు పేరాల కోసం పుస్తకం మొత్తం చదవొచ్చు. వింత ఒక్కటీ లేదు ఇక్కడ. ఒక ఇంటిని ఏళ్ల తరబడి నడిపిన మనిషికి మాత్రమే వచ్చే తెలివి అది. మగవాళ్లు అయస్కాంతాలు, యుద్ధాలు, కోడి పందేల వెంట పోతుంటే పంచదార చిలకల్లాంటి మిఠాయి బొమ్మలు అమ్మి ఇల్లు కట్టింది, పెంచింది, మాటిమాటికీ సున్నం వేయించింది ఉర్సులా. ఆవిడ పోయాక ఇంటిని చీమలు, కలుపు మొక్కలు ఆక్రమించడానికి ఎంతో కాలం పట్టదు.

కొత్తచదువరి:

మేడమ్ చెప్పినట్టు వంశవృక్షం చూడటం మానేసి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు సాఫీగా పోతోంది. హోసే ఆర్కాడియో చనిపోయినప్పుడు అతని రక్తం వీధుల వెంట పారి, మలుపులు తిరిగి, తివాచీలు పాడవకుండా గోడ పక్కగా పోయి, వంటింట్లో గుడ్లు పగలగొట్టబోతున్న తల్లి దగ్గరికి చేరే భాగం చదివాను. ముప్పై ఆరు గుడ్లు అని కూడా రాశాడు! టెన్షన్‌తో చదువుతూ ఉంటే మధ్యలో ఆ గుడ్ల లెక్క ఎందుకో అర్థం కాలేదు కానీ భలే నమ్మబుద్ధేసింది.

నెట్‌ఫ్లిక్స్ సిరీస్ కూడా ఉందట కదా. ముందు అది చూడొచ్చా?

అరుణోదయం (డాలస్):

పుస్తకం అయ్యాకే చూడండి. మొదటి భాగం ఎనిమిది ఎపిసోడ్లు 2024 డిసెంబరు 11న వచ్చింది. మార్క్వెజ్ బతికున్నంతకాలం ఈ నవలని సినిమాకి ఇవ్వలేదు. 2014లో ఆయన పోయాక కొడుకులు ఒప్పుకున్నారు, స్పానిష్‌లోనే తీయాలి, కొలంబియాలోనే తీయాలి అన్న పట్టుతో. ఇల్లు, ఊరు, వేషాలు అన్నీ శ్రద్ధగా చేశారు. కానీ ఉర్సులా ముఖం ఒక్కసారి తెర మీద చూస్తే, చదివేటప్పుడు మీరు ఊహించుకునే ఉర్సులా మళ్లీ రాదు. నాకు ఆవిడ మా అమ్మమ్మ పోలికలతోనే కనిపించింది, అది పోగొట్టుకోవడం ఇష్టం లేక రెండో ఎపిసోడ్ దగ్గర ఆపేశాను.

గుడ్ల లెక్క గురించి: మార్క్వెజ్ ఈ తీరు తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానని చాలాసార్లు చెప్పాడు. ఆవిడ ఎంత నమ్మశక్యం కాని సంగతైనా ముఖంలో ఏ మార్పూ లేకుండా చెప్పేదట. ఆకాశంలో ఏనుగులు ఎగిరాయంటే ఎవరూ నమ్మరు, నాలుగు వందల ఇరవై అయిదు ఏనుగులు ఎగిరాయని లెక్క చెబితే నమ్ముతారని కూడా ఆయన అభిప్రాయం.

లలిత టీచర్ (రాజమండ్రి):

మన దేశం ఈ నవలలో ఉందని ఎవరూ రాయలేదేం? మెల్కియాడెస్ అనే దేశదిమ్మరి జిప్సీ ఆ కుటుంబం చరిత్ర అంతా ముందే తోలు కాగితాల మీద రాసి పెడతాడు. ఏ భాషలో రాశాడనుకున్నారు, సంస్కృతంలో! అది అతని మాతృభాష అని ఉంటుంది. ఆరో తరం ఔరెలియానో ఊళ్లోని పుస్తకాల షాపు నుంచి సంస్కృత వాచకం తెప్పించుకుని నేర్చుకుంటే తప్ప అది చదవడం కుదరదు. యూరప్‌లో తిరిగే జిప్సీల పూర్వీకులు మన దేశపు వాయవ్య ప్రాంతాల నుంచి వలస వెళ్లినవాళ్లని భాషాశాస్త్రం తేల్చింది. మార్క్వెజ్ దాన్ని ఆధారం చేసుకున్నాడేమో. నేను హైస్కూల్లో సంస్కృతం చెప్పిన దాన్ని. కొలంబియాలో ఒక కుర్రాడు గదిలో తలుపులు వేసుకుని రూపాలు వల్లె వేస్తున్నాడని ఊహించుకుంటే ఎంత సంతోషం వేసిందో!

ఇంకొకరి గురించి కూడా అడగాలి. సాంతా సోఫియా ఎవరికైనా గుర్తుందా?

ఓరుగల్లు బాట (వరంగల్):

గుర్తుంది మేడమ్. ఆర్కాడియో భార్య. ఎగిరిపోయిన రెమెడియోస్‌కీ, ఆ కవలలకీ తల్లి. ఇంట్లో కోడలు ఫెర్నాండాకే ఆమె తన అత్తగారని సరిగ్గా తెలియదు, పనిమనిషి అనుకుంటుంది. దశాబ్దాల పాటు వండింది, ఊడ్చింది, ముసలివాళ్లని కనిపెట్టుకుంది. సరుకుల గదిలో నేల మీద చాప వేసుకుని పడుకునేది. ఒకరోజు ఇక ఓపిక లేదని మూట కట్టుకుని బయల్దేరుతుంది. అన్నేళ్లలో కూడబెట్టింది ఒక పెసో ఇరవై అయిదు సెంటావోలు. రియోహాచాలో చుట్టాలున్నారని చెబుతుంది, అది నమ్మేలా లేదు. ఔరెలియానో పద్నాలుగు బంగారు చేపలు చేతిలో పెడతాడు. తర్వాత ఆమె గురించి కబురే లేదు.

సీమపొద్దు (అనంతపురం):

నా మూడో ఫిర్యాదు ఇదే. కల్నల్ యుద్ధాలకి అన్ని పేజీలు ఇచ్చినవాడు సాంతా సోఫియాకి ఒక అధ్యాయం ఇవ్వాల్సింది. ఆమె పిల్లలు ముగ్గురి కథా ఆమె వైపు నుంచి ఒక్కసారైనా వినపడాల్సింది. ఒక కొడుకు స్టేషన్ దగ్గర శవాల రైలు నుంచి బయటపడి వచ్చి, మిగిలిన బతుకంతా మెల్కియాడెస్ గదిలో దాక్కుంటే, అన్నం అందించింది ఈ తల్లే. ఊరంతా నమ్మని మాటని ఆమె నమ్మిందా లేదా, కొడుకుని ఎప్పుడైనా అడిగిందా? రచయిత చెప్పడు. ఎవరైనా ఆ భాగం మళ్లీ తిరగేసి, నాకు కనపడని ఒక్క వాక్యం ఉంటే ఇక్కడ పెట్టండి.

పొన్నచెట్టు (తెనాలి):

నేను ఇవాళ ఆ అధ్యాయాలు మొదటి నుంచి చూస్తున్నాను. వాక్యం దొరికితే పేజీతో సహా రాస్తాను. మిగతావాళ్లు కూడా వాన మొదలయ్యే అధ్యాయం నుంచి చూడండి. కొత్తచదువరీ, మీరు ఇంకా అక్కడికి రాలేదు కాబట్టి ఈ చివరి పోస్టులు వదిలేయండి, చదవడం అయ్యాక వచ్చి చెప్పండి.